మనసు చిన్నబోయినవారు



ఈ నెల మనం ఒక అరుదైన ఇంగ్లీషు మాటను చూద్దాం. అది ‘ప్యూసిలానిమస్’. నిఘంటువు తీస్తే పిరికివాడు, గుండె ధైర్యం లేనివాడు అని కనబడుతుంది. ఇంగ్లీషులో అది నిందగానే వాడబడుతుంది.

ఈ మాట లాటిన్ భాషనుండి వచ్చింది. ‘పుసిల్లుస్’ అంటే మిక్కిలి చిన్నది. ‘అనిముస్’ అంటే మనస్సు, ధైర్యం. సర్పంచి ఎన్నిక ఏకగ్రీవమైతే ‘యునానిమస్’ అంటారు గదా, అందులో ఉన్నదీ ఈ ‘అనిముస్’ అనే మాటే. అందరిదీ ఒకే మనస్సు అని దాని భావం.

పశ్చిమ దేశాల సంఘం శతాబ్దాలపాటు చదివిన లాటిన్ బైబిలు వుల్గేటు. అందులో 1 థెస్సలొనీకయులకు 5:14 చూస్తే ఈ మాట ఉంది. మన తెలుగు బైబిలులో అక్కడ ధైర్యము చెడినవారు అని చదువుతాం. పౌలు గ్రీకులో వ్రాసిన మాటకు కూడా చిన్న ప్రాణం గలవారు అనే అర్థం. మన ఇళ్లలో మనసు చిన్నబోయింది అంటామే, అదే.

ఆ వచనంలో ముగ్గురున్నారు, ముగ్గురికీ మూడు మందులున్నాయి. క్రమం తప్పినవానికి బుద్ధి చెప్పాలి. ధైర్యం చెడినవానిని ఓదార్చాలి. బలహీనునికి ఊత ఇవ్వాలి. అయితే మనం చేస్తున్నదేమిటి? పంట పోయి, అప్పు పెరిగి, నలుగురితో మాట్లాడడం మానేసిన సహోదరునితో, “నీకు విశ్వాసం చాలలేదు” అంటున్నాం. మొదటివాని మందు రెండవవానికి పోస్తున్నాం. అది అతనిని ఇంకా కృంగదీస్తుంది.

ఏలీయాను జ్ఞాపకం చేసికొనండి (1 రాజులు 19). ఇక చాలు, చావే మేలని బదరీవృక్షం క్రింద పండుకొన్నాడు. దేవదూత అతనిని గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పండుకోనిచ్చాడు. రెండవమారు కూడా లేపి తినమన్నాడు. దేవుడు అతనిని ప్రశ్నించినది ఆ తరువాతనే.

కాబట్టి మా మనవి ఇది. కొన్ని వారాలుగా మందిరానికి రాని కుటుంబం మీ ఊరిలో ఉంటే, ఇంత అన్నం, కూర పట్టుకొని వెళ్లండి. ప్రసంగం చేయక దగ్గర కూర్చుండి వినండి. నిద్ర పట్టడం లేదంటే ప్రార్థించి, డాక్టరుగారి వద్దకు తోడుగా వెళ్లండి. ఆ ఇంట పురుగుమందు డబ్బా ఉంటే ఇంటివారితో చెప్పి వేరేచోటికి చేర్చండి. అదీ పరిచర్యే.

ప్రభువు మనలను ఓదార్చువారినిగా చేయును గాక. ఆమేన్.