నిచ్చెన మీంచి పడ్డదెవరు?

మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఆటగాడు చచ్చిన ప్రతిసారీ ఎలా చచ్చాడో తెర మీద ఒక్క ముక్కలో రాసి చూపిస్తారు. నిచ్చెన మీంచి పడితే ఒక మాట, లావాలో ఈదబోతే ఒక మాట, అస్థిపంజరం వేసిన బాణం తగిలితే ఇంకో మాట. ఓడినవాణ్ణి కాస్త ఉడికించేలా, పొడిపొడిగా ఉంటాయా మాటలు. ఇవేవీ ఆట లోపల పోతపోసి లేవు. విడిగా ఒక ఫైలులో వరసగా ఉంటాయి: ఎడమవైపు ప్రతి వాక్యానికీ ఒక గుర్తింపు పేరు, కుడివైపు ఆ వాక్యం. కుడివైపుది చెరిపి మనకు తోచింది రాసి, రిసోర్స్ ప్యాక్‌గా కట్టి తగిలిస్తే ఇక ఆట మన మాటే మాట్లాడుతుంది. ప్రోగ్రామింగ్ రావాల్సిన పనిలేదు. కొటేషన్ గుర్తులూ కామాలూ జారిపోకుండా చూసుకుంటే చాలు.

2023 అక్టోబరు నాటికే 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఆట ఇది. దాని భాషల జాబితా తెరిస్తే అందులో ఓడదొంగల ఇంగ్లీషు ఉంటుంది, షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషు ఉంటుంది, అక్షరాలు తలకిందులుగా వేలాడే ఇంగ్లీషు కూడా ఉంటుంది. మిగతా భాషల్లో చాలావాటికి రాత రాసింది జీతగాళ్లు కారు, సరదా కొద్దీ పూనుకున్న ఆటగాళ్లు.

వీడియోగేముల గొడవ సాహిత్య పత్రికకెందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఆటల్లో ఇప్పుడు ఎంత రాత ఉంటోందో చూస్తే ఆ ప్రశ్న నిలవదు. 2019లో వచ్చిన ‘డిస్కో ఎలీసియమ్’లో దాదాపు పది లక్షల మాటలున్నాయి. దాని ప్రధాన రచయిత రాబర్ట్ కుర్విట్స్ ఎస్టోనియా నవలాకారుడు. 2013లో తెచ్చిన నవల పెద్దగా అమ్ముడుపోలేదు. అదే ఊహాలోకాన్ని ఆటలోకి తెచ్చాక ప్రపంచం చదివింది. అవును, చదివింది. ఆ ఆటలో కాల్పులకంటే సంభాషణలే ఎక్కువ. మన పిల్లలు చదవడం మానేశారని సభల్లో వాపోతుంటాం. వాళ్లు చదువుతూనే ఉన్నారు, తెలుగులో కాదు, అంతే.

మరి తెలుగులో రాస్తే ఎలా ఉంటుంది? ఆ నిచ్చెన వాక్యాన్నే తీసుకుందాం. ఇంగ్లీషు ఫైలులో పేరు రావాల్సిన చోట ఒక ఖాళీ గుర్తు ఉంటుంది. ఎవరు పడితే వాళ్ల పేరు తెచ్చి ఆట అక్కడ అతికిస్తుంది. పడ్డది ఆడో మగో ఇంగ్లీషు క్రియకు పట్టదు. మన క్రియకు తెలిసి తీరాలి. ‘పడ్డాడు’ అని రాస్తే సీత పడ్డ రోజున తప్పు. ‘పడింది’ అని రాస్తే రాము ఊరుకోడు. చచ్చినవాడి పేరూ చంపినవాడి పేరూ రెండూ వచ్చే వాక్యాల్లో చిక్కు ఇంకా ముదురుతుంది. రవికి అనాలి, రాముకు అనాలి, అదే రాముడైతే రాముడికి అనాలి. ఆటకు పేరు అతికించడం వచ్చు గాని, పేరు చివర మార్చడం రాదు. కొరియన్ వాళ్లకూ ఇదే తిప్పలు. పేరు అచ్చుతో ముగిసిందో హల్లుతో ముగిసిందో ముందే తెలియదు గనక, రెండు ప్రత్యయాల్లో ఒకటి బయటా ఒకటి బ్రాకెట్లోనూ పెట్టి సరిపుచ్చుకుంటారు.

మనకు అంతకన్నా మంచి దారే ఉంది. పేరు పక్కన ‘గారు’ చేర్చి చూడండి. సీత గారు నిచ్చెన మీంచి పడ్డారు. రాము గారు లావాలో ఈత కొట్టబోయారు. అస్థిపంజరం గారి బాణానికి రవి గారు పోయారు. ఆడా మగా పేచీ తీరిపోయింది. విభక్తి ఏదైనా ‘గారు’కే తగులుతుంది గనక పేరు చెక్కుచెదరదు. పైగా అసలులో లేని చమత్కారం ఒకటి వచ్చి చేరింది: మర్యాద చేస్తూనే దెప్పిపొడవడం. అది మనకు వెన్నతో పెట్టిన విద్య. ఇలాంటి ఉపాయం వ్యాకరణ సూత్రాలు వల్లించినంత మాత్రాన తట్టదు, కోడ్ రాయడం వచ్చినంత మాత్రాన కూడా తట్టదు. వాక్యంతో కుస్తీపట్టే అలవాటున్నవాళ్లకు తడుతుంది. ఆట రాతను మార్చడం సాంకేతిక నిపుణుల పని అనుకుని రచయితలు పక్కకు తప్పుకోవడం సరికాదని మేం అనేది ఇందుకే.

ఇంకా కష్టమైన చోట కూడా ఈ పని చేసినవాళ్లున్నారు. ‘మదర్ 3’ అనే ఆట 2006 ఏప్రిల్ 20న జపాన్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆటయంత్రం మీద వచ్చింది. రాసినవాడు షిగెసాతో ఇతోయి, ప్రకటనల రచయితగా అక్కడ పెద్ద పేరున్నవాడు. తల్లిని పోగొట్టుకున్న కవల పిల్లల కథ అది. ఇంగ్లీషులో తెమ్మని అభిమానులు ఆటను విడుదల చేసిన నింటెండో సంస్థకు సంతకాలు చేసి పంపినా ఫలితం లేకపోయింది. అప్పుడు క్లైడ్ మాండెలిన్ అనే వృత్తి అనువాదకుడు ముందుండగా ఒక చిన్న బృందం తనంత తానే పూనుకుంది. మైన్‌క్రాఫ్ట్‌లోలా తెరిచిన ఫైలు అక్కడ లేదు. జపనీస్ అక్షరాలు సమానమైన గళ్లలో కూర్చుంటాయి. ఇంగ్లీషులో ‘ఐ’ సన్నం, ‘డబ్ల్యు’ వెడల్పు. అదే గళ్లలో పెడితే మాటలు పళ్లూడిన నోరులా కనిపిస్తాయి. అందుకని తెర మీద అక్షరం గీసే కోడ్‌నే తిరగరాయాల్సి వచ్చింది. 2008 అక్టోబరులో ప్యాచ్ విడుదల చేశారు. ప్యాచ్‌లో ఆట ఉండదు, మార్చిన ముక్కలే ఉంటాయి. ఆట ఉన్నవాడు దానికి అతికించుకోవాలి. తన అనువాదాన్ని ఉచితంగా ఇస్తాను తీసుకొమ్మని మాండెలిన్ ఆ తర్వాత నింటెండోకు బహిరంగంగానే చెప్పాడు. సంస్థ అందుకోలేదు. 2024 ఫిబ్రవరిలో ఆ ఆట నింటెండో వాళ్ల చందా సేవ స్విచ్ ఆన్‌లైన్‌లో మళ్లీ వచ్చింది, అదీ జపాన్ వరకే.

అభిమానుల పనంటే నాసిరకం అనుకోవడానికీ వీల్లేదు. ‘ఫైనల్ ఫాంటసీ 5’ను అభిమానులే ముందు ఇంగ్లీషులో పెట్టుకున్నారు. 1999లో అమెరికాలో అధికారికంగా వచ్చిన ఇంగ్లీషులోనేమో ‘వైవర్న్’ అనే రెక్కల డ్రాగన్ పేరు ‘వై బర్న్’ అయి కూర్చుంది. జపనీస్ లిపిలో ఉన్న పలుకును ఎవరో విన్నట్టుగా రాసేశారు, మరెవరూ సరిచూడలేదు. హక్కులు ఉండటం వేరు, శ్రద్ధ ఉండటం వేరు. అయినా యజమాని తలుపు మూసి ఉంచిన ఆటలో చొరబడి మార్చడం చట్టం ముందు నిలిచే పని అని మేం చెప్పబోవడం లేదు. తలుపు తీసి పెట్టడం తయారుచేసేవాళ్ల చేతిలో పని. మైన్‌క్రాఫ్ట్ వాళ్లు తీసి పెట్టారు, నష్టపోయిందేమీ లేదు.

కొలతకు లోబడి, ఇంకొకరి బొమ్మకు మాట రాయడం మన రచయితలకు కొత్త కాదు. 1950లో ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ సినిమాను ‘ఆహుతి’గా తెలుగులోకి డబ్బింగ్ చేసినప్పుడు మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది కూడా ఆ సంవత్సరమే. డబ్బింగ్ రాతలో తెర మీద పెదవులు కలిసిన చోట ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి, మాట నోరు మూసేలోపు ముగియాలి, అర్థమూ పోకూడదు. అక్కడ పెదవి పెట్టే కొలతను ఇక్కడ తెర మీది పెట్టె పెడుతుంది. రెండు వరసల్లో ఇమడాలి, బొత్తాం మీదైతే ఒక్క మాటలో తేలాలి. మహాకవికి చిన్నతనం అనిపించని పని మనకెందుకు అనిపించాలి?

ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్న కూడా ఉంది. ఓడదొంగల ఇంగ్లీషుకు చోటున్న ఆటలో నిజామాబాదు యాసకో శ్రీకాకుళం యాసకో ఏం తక్కువ? ‘సీత గారు నిచ్చెన మీదికెల్లి పడ్డరు’ అని ఒక ప్యాక్‌లో ఉండనివ్వండి, ఇంకో ప్యాక్‌లో ఇంకోలా ఉండనివ్వండి. తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యన కేతిగాడూ బంగారక్కా దూరి ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి సంగతులు మాట్లాడేవారు. దానివల్ల రామాయణానికి ఏ లోటూ రాలేదు, జనం మాత్రం తెల్లారేదాకా కూర్చున్నారు. పాఠ్యపుస్తకాల భాషను తెచ్చి ఆటలో పోస్తే పిల్లలు రెండో నిమిషంలో ఇంగ్లీషుకు మార్చుకుంటారు.

లిపి చిక్కు మాత్రం చిన్నది కాదు. ‘స్త్రీ’ అన్నది మన కంటికి ఒక్క అక్షరం; కంప్యూటరుకు ఆరు సంకేతాల వరస. స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘం. వీటిని కలిపి ఒక్క రూపంగా అల్లే యంత్రాంగం లేకపోతే అక్షరం ముక్కలై పక్కపక్కన పడుతుంది. ఇంగ్లీషును తలలో పెట్టుకుని కట్టిన చాలా గేమ్ ఇంజిన్లకు ఈ అల్లిక రాదు. పెద్ద సంస్థలూ తడబడ్డాయి: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదలతో సరిచేసింది. ఇప్పుడు పరిస్థితి మెరుగు. 2023లో వచ్చిన గోడో 4 ఇంజిన్ హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ సాయంతో తెలుగును సరిగ్గానే అల్లుతుంది. లిపి కుదరదన్న సాకు ఇక ఎక్కువ కాలం నడవదు.

హైదరాబాదులో ఆటలు తయారుచేసేవాళ్లను అందుకే మూడు అడుగుతున్నాం. ఆటలోని రాతను కోడ్‌లో కలపకుండా విడి ఫైలులో పెట్టండి. పేరు అతికించే చోట ఆడా మగా తేడాకూ విభక్తికీ వీలుంచండి. తెలుగు పెట్టదలచుకుంటే దాన్ని యంత్రానువాదానికి వదలకుండా ఒక రచయితకు అప్పజెప్పి, డబ్బివ్వండి, పేరు వేయండి. రచయితలను అడిగేది ఒక్కటే: పిలిస్తే వెళ్లండి, పిలవకపోతే తెరిచి ఉన్న ఆటనొకదాన్ని పట్టుకుని మొదలుపెట్టండి. పిల్లలెవరైనా తాము తెలుగు చేసుకున్న ఆట ఫైలు మాకు పంపితే వచ్చిన కథను చదివినట్టే చదువుతాం, కథను దిద్దినట్టే ఎర్రసిరాతో దిద్దుతాం, బాగుంటే అచ్చువేస్తాం.