వన్ ఆఫ్ ది కామన్ మిస్టేక్... స్

ఆఫీసు మెయిళ్ళలో తరచూ కనబడే వాక్యం ఇది: "దిస్ ఈజ్ వన్ ఆఫ్ ది కామన్ మిస్టేక్". తప్పుల గురించి చెప్పే వాక్యంలోనే తప్పు! మిస్టేక్ కాదండీ, మిస్టేక్స్. చాలావాటిలో ఒకటి అంటున్నాం కాబట్టి ఆ చాలా ఉన్నది బహువచనంలోనే ఉండాలి.

ఒక్క 'స్' కోసం ఇంత గొడవెందుకంటారా? రాత్రి రెండింటికి "వన్ ఆఫ్ ది సర్వర్ ఈజ్ డౌన్" అని మెయిలొచ్చిందనుకోండి. ఉన్న సర్వర్లలో ఒకటి పడిపోయిందా, లేక 'సర్వర్' తర్వాత 'డిస్క్స్' అనో ఇంకేదో రాయబోయి మరిచిపోయారా? మొదటిదైతే మిగతా సర్వర్లు తెల్లారేదాకా నెట్టుకొస్తాయేమో. రెండోదైతే ముందు డేటా సంగతి చూసుకోవాలి. ఏదో తేల్చుకోడానికి ఇంకో నాలుగు మెయిళ్ళు.

నాకు అసలు ఒళ్ళు మండేది మాత్రం వేరే దానికి. ఎవరైనా ఇలా రాస్తే "తెలుగు మీడియం కదా" అని ఒక నవ్వు. తిరుమలగిరి లాంటి చోట సర్కారు బడిలో చదివొచ్చిన పిల్లగాడైతే ఇక చెప్పనక్కర్లేదు, ఆ నవ్వు అప్రైజల్‌లో 'కమ్యూనికేషన్ స్కిల్స్' గడి దాకా వెంటొస్తుంది. నేను చూసినంతలో కాన్వెంటు పిల్లలూ ఇదే రాస్తారు, వాళ్ళనెవరూ ఏమీ అనరు.

పైగా ఇందులో తెలుగు చేసిన పాపం ఏముంది? మనం "తప్పుల్లో ఒకటి" అంటాం, "స్నేహితుల్లో ఒకడు" అంటాం. "స్నేహితుడిలో ఒకడు" అని చూడండి, వాడి లోపల ఇంకెవడో దాక్కున్నట్టుంటుంది :) అక్షరం ముక్క రానివాళ్ళు కూడా అలా అనరు. నా అనుమానమల్లా "నా ఫ్రెండొకడు" మీద. అక్కడ ఏకవచనమే ఒప్పు. దాన్ని ఇంగ్లీషులోకి మోసుకెళ్ళి 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' చేస్తున్నాం. దానికి సరిపోయేది 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్'. ఇంకోటి, ఇంగ్లీషులో 'వన్' ముందొస్తుంది, ఒకటి అనేశాక బహువచనం రాయడానికి చెయ్యి రాదు. తెలుగులో 'ఒకటి' వచ్చేసరికే బహువచనం అయిపోయుంటుంది.

అందుకే అనుమానమొస్తే ముందు తెలుగులో అనుకోండి. మనకు తిరుమలగిరులే కనీసం మూడున్నాయి: సూర్యాపేట జిల్లాలో ఒకటి, నల్గొండ జిల్లాలో సాగర్ వైపు ఒకటి, సికింద్రాబాద్‌లో ఒకటి. "తిరుమలగిరుల్లో ఒకటి సూర్యాపేట జిల్లాలో ఉంది". ఉన్నది ఒకటే కాబట్టి క్రియ 'ఈజ్'. 'సర్వర్స్' అన్నాం కదా అని 'ఆర్ డౌన్' రాయకూడదు.

"2016లో ఏర్పడ్డ జిల్లాల్లో సూర్యాపేట ఒకటి" అన్నప్పుడు మాత్రం 'వన్ ఆఫ్ ది డిస్ట్రిక్ట్స్ దట్ వర్ ఫార్మ్డ్'. ఏర్పడ్డవి జిల్లాలు కదా, అందుకని 'వర్'. ఇక్కడ ఇంగ్లీషువాళ్ళే తడబడతారు. ఫౌలర్ 1926లో వేసిన ఇంగ్లీషు వాడుక పుస్తకంలో దీన్ని పట్టుకుని మరీ చెప్పాడు.

అన్నట్టు, 'స్' దొరికిన ఉత్సాహంలో 'వన్ ఆఫ్ ది సాఫ్ట్‌వేర్స్', 'వన్ ఆఫ్ ది ఫీడ్‌బ్యాక్స్' అనేవాళ్ళూ ఉన్నారు. అవి లెక్కపెట్టే మాటలు కావు. 'టూల్స్', 'కామెంట్స్' అని రాసుకుంటే పోతుంది.