పద్దెనిమిదో ఏట ఒక్కసారిగా వదిలేస్తే

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం పదిరోజుల్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలా ఇళ్ళలో పిల్లల దారి తేలిపోతుంది. మార్కులు బాగా వస్తే ఎంపీసీ, విశాఖలోనో విజయవాడలోనో హాస్టలు. ఓ మాదిరిగా వస్తే పలాస, టెక్కలి, సోంపేటల్లో ఏది దగ్గరైతే ఆ కాలేజీ. అదీ కాకపోతే వెల్డింగో ఫిట్టింగో నేర్చుకుని, ముందే వెళ్ళిన మేనమామ వెనకాల చెన్నైకో గల్ఫ్‌కో ప్రయాణం. ఆడపిల్లయితే ఇంటర్ పూర్తయ్యేలోపే సంబంధాల మాట మొదలవుతుంది. ఏ దారి మంచిదన్న చర్చ ఇంట్లో, ఇరుగుపొరుగులో, పెళ్ళిభోజనాల దగ్గర కూడా నడుస్తుంది. అందులో ఆ పదిహేనేళ్ళ మనిషి మాట మాత్రం ఉండదు. మూడేళ్ళు తిరిగేసరికి అదే పిల్లవాణ్ణి పలాస స్టేషన్లో రైలెక్కించి, ఇక నీ బతుకు నువ్వు చూసుకోమంటాం. నిన్నటిదాకా ఒక్క నిర్ణయమూ చేయనివ్వని వాడి నెత్తిన ఒక్క రోజులో అన్ని నిర్ణయాలూ పెట్టేస్తాం. మన యువత ఉద్యోగాల్లో తడబడటానికి చదువుల నాణ్యత, పరిశ్రమల కొరత వంటి కారణాలు చెబుతుంటారు. అవన్నీ నిజమే. కానీ పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లలకు నిర్ణయించడం అలవాటు చేయకపోవడం వాటన్నిటికంటే ఎక్కువగా మన చేతిలో ఉన్న కారణం. మిగతావి మారడానికి ప్రభుత్వాలు, పెట్టుబడులు కావాలి. దీన్ని మార్చడానికి ఇంట్లో ఒక పెద్దమనిషి, బడిలో ఒక మాస్టారు చాలు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. పిల్లలకు స్వేచ్ఛ ఇచ్చే పెద్దల తీరు మీద అమెరికా మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ దశాబ్దాలపాటు పనిచేశారు. వాళ్ళ దారిలోనే బెల్జియం పరిశోధకులు బార్ట్ సూనెన్స్, మార్టెన్ వాన్‌స్టీన్‌కిస్టె 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. హైస్కూలు వయసు పిల్లలు చదువులో, స్నేహాల్లో, ఉద్యోగం వెతుక్కోవడంలో ఎంత సొంత చొరవతో కదులుతున్నారు, దానికీ తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల తీరుకూ సంబంధమేమిటి అని చూశారు. తమ మాట పెద్దలు వింటారని, ఎంచుకునే వీలిస్తారని నమ్మే పిల్లల్లో ఆ చొరవ ఎక్కువగా కనిపించింది. చొరవ ఉన్న పిల్లలకే పెద్దలు స్వేచ్ఛ ఇస్తున్నారేమో అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, ఇలాంటి అధ్యయనాలు ఆ అనుమానాన్ని పూర్తిగా తీర్చలేవు. అయితే 2007లో ఇదే బృందం ఇంకో తేడాను విడదీసి చూపించింది. నీ పని నువ్వే చేసుకో, నీ తిప్పలు నువ్వే పడు అని ఒంటరిగా నిలబెట్టడం ఒకటి. నీకు ఏది సరైనదనిపిస్తుందో ఆలోచించు, నేను పక్కనే ఉంటాను అనడం మరొకటి. పిల్లల మానసిక క్షేమంతో గట్టిగా ముడిపడింది ఈ రెండోదే. మన ప్రాంతానికి అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇది. ఎందుకంటే ఇక్కడి పిల్లలకు మొదటి రకం స్వేచ్ఛ కావలసినంత దొరుకుతోంది. కరువంతా రెండోదానికే.

వలస సంగతే చూద్దాం. ఉద్దానం నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా విదేశాలకు వెళ్ళే కుర్రాళ్ళను ఏజెంట్లు మోసం చేశారన్న వార్త ఏటా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది. అప్పు చేసి లక్షలు కడతారు. అక్కడ దిగాక తెలుస్తుంది, చేతిలో ఉన్నది పని వీసా కాదు, విజిట్ వీసా అని. నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము ₹30,000, దానిపైన జీఎస్టీ. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంకో చిక్కుంది. పదో తరగతి పాసైన వాడి పాస్‌పోర్టుకు గల్ఫ్ వెళ్ళేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అంటే పది పాసైన కుర్రాడి మీద ప్రభుత్వం కన్ను అంతగా ఉండదు, ఆ తనిఖీ తనే చేసుకోవాలి. ఇవన్నీ ఫోన్‌లో రీల్స్ చూసే చేతులతో అయిదు నిమిషాల్లో తెలుసుకోదగ్గవే. మరి ఎందుకు తెలుసుకోరు? ప్రశ్నించడం ఎప్పుడూ తమ పని కాలేదు కనుక. కాలేజీ నాన్న చూశాడు, ఫీజు మామయ్య మాట్లాడాడు, ఏజెంటును ఊరి పెద్దమనిషి కుదిర్చాడు. ఆఫర్ లెటర్‌లో మూల వేతనం ఎంత, ఓవర్‌టైమ్ లెక్క ఏమిటి, వసతి ఎవరిది, ఒప్పందం ఎన్నేళ్ళది అని అడగడం అతనికి అమర్యాదగా తోస్తుంది. ఇరవై ఏళ్ళవాడు తన జీతం గురించి అడగడానికి సిగ్గుపడుతున్నాడంటే ఆ సిగ్గును మనమే నేర్పామని ఒప్పుకోవాలి. సైట్ మీదకు వెళ్ళాక కూడా ఇదే కథ. హెల్పర్‌గా చేరిన ఇద్దరిలో ఒకడు ఫోర్‌మన్ దగ్గరకు వెళ్ళి, 6జీ పైపు వెల్డింగ్ పరీక్షకు నన్నెప్పుడు కూర్చోబెడతారు అని అడుగుతాడు. రెండోవాడు పిలుపు కోసం ఎదురుచూస్తాడు. అయిదేళ్ళ తర్వాత ఇద్దరి జీతాల మధ్య తేడాకు వాళ్ళ పనితనం ఒక్కటే కారణం కాదు.

విచిత్రమేమంటే, నిర్ణయించే శక్తిని కొంచెం కొంచెంగా అప్పగించే పద్ధతి ఈ తీరానికి కొత్త కాదు. భావనపాడు, మంచినీళ్ళపేట, బారువ వంటి మత్స్యకార గ్రామాల్లో కుర్రాణ్ణి మొదటి రోజే వేటకు నాయకుణ్ణి చేయరు, అలాగని ఒడ్డునే కూర్చోబెట్టి పాఠమూ చెప్పరు. ముందు వల చిక్కు తీస్తాడు, చేప ఏరుతాడు. తర్వాత ఎప్పుడో పెద్దవాడు పక్కన కూర్చుని చుక్కాని అతని చేతికిస్తాడు. గాలి ఎటు తిరిగింది, ఇప్పుడేం చేద్దాం అని అతణ్ణే అడుగుతాడు. తప్పు చెబితే సరిదిద్దుతాడు, చుక్కాని లాక్కోడు. పలాస జీడి పరిశ్రమలో మాత్రం ఈ అప్పగింత సగంలో ఆగిపోతుంది. అమ్మ గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చుని గుండును, బద్దను, ముక్కను వేరు చేస్తుంటే చూస్తూ పెరిగిన ఆడపిల్లకు 240 రకానికీ 320 రకానికీ తేడా కంటికే తెలుస్తుంది. పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకెలే చెబుతాయి, పౌనుకు పప్పులు తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. ఇంత తెలిసిన పిల్లకు బస్తా పిక్కలు ఎంతకు వచ్చాయి, పప్పు ఎంత దిగింది, తొక్కల నూనె ఎవరు కొంటారు, ఆఫ్రికా పిక్కలు ఎందుకు దిగుమతి అవుతాయి అని చెప్పేవారు లేరు. ఆమె ఈ వ్యాపారంలో కూలీగా మిగిలిపోతుందా, లెక్కలు చూసే ఉద్యోగిగానో సొంత యూనిట్ పెట్టే మనిషిగానో ఎదుగుతుందా అన్నది ఆ ప్రశ్నలు పదిహేనో ఏట ఎవరైనా ఆమె ముందు పెట్టారా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనది. డబ్బున్న ఇంట్లో పిల్లవాడు తప్పు కోర్సు ఎంచుకుంటే ఏడాది పోతుంది, మన ఇంట్లో అయితే పొలం పోతుంది, ప్రయోగాలు చేసే స్తోమత మాకెక్కడిది అంటారు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా ఏళ్ళు పట్టింది. అలాంటి కుటుంబానికి పిల్లవాడి చదువే మిగిలిన ఆస్తి. దానికి తోడు ఉద్దానం కిడ్నీ వ్యాధి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి, మంచిదే. కానీ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే తండ్రికి, అతని వెంట తిరిగే తల్లికి పిల్లలతో కూర్చుని మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది? ఈ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. అయితే ఆ ఇంట్లోనే జరుగుతున్నది ఒకసారి చూడండి. తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్ళేది, ప్రభుత్వ వైద్య పథకం కాగితాలు చూసుకునేది, క్రియాటినిన్ ఎంత పెరిగిందో గుర్తుపెట్టుకునేది చాలాసార్లు ఆ పదహారేళ్ళ పిల్లవాడో పిల్లో. ఒక నిండు ప్రాణాన్ని నమ్మి అప్పగించిన పిల్లకు ఇంటర్‌లో ఏ గ్రూపు కావాలో చెప్పే హక్కు లేకపోవడం ఏ లెక్కన న్యాయం? ఆ బిడ్డ నర్సింగ్, డయాలసిస్ టెక్నీషియన్ వంటి చదువుల గురించి ఇప్పటికే చాలామంది పెద్దలకంటే ఎక్కువ ఎరిగి ఉండవచ్చు. అడిగితే కదా తెలిసేది. ఇక పేదింట్లో తప్పుకు తావు లేదన్న మాటకు వస్తే, అందుకే చిన్న వయసులో చిన్న నిర్ణయాలు చేయించాలి. తొమ్మిదో తరగతిలో ట్యూషన్ ఎంచుకోవడంలో జరిగే పొరపాటు ఖర్చు వందల్లో ఉంటుంది. ఇరవయ్యో ఏట ఏజెంటును ఎంచుకోవడంలో జరిగే పొరపాటు లక్షల్లో ఉంటుంది.

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి, మన దగ్గర కుటుంబమంతా కలిసి నిర్ణయిస్తుంది అనేది రెండో అభ్యంతరం. పరిశోధన దీనికి కూడా జవాబిచ్చింది. వాలెరీ చిర్‌కోవ్, రిచర్డ్ రయాన్ 2001లో రష్యా, అమెరికా హైస్కూలు పిల్లలను పోల్చారు. రష్యా పెద్దల తీరు అమెరికా పెద్దలకంటే కట్టడిగా ఉన్నా, స్వేచ్ఛకు పెద్దలిచ్చే ఆసరా రెండు చోట్లా పిల్లల చదువు పట్ల ఇష్టంతోనూ, మానసిక క్షేమంతోనూ ముడిపడి కనిపించింది. కుటుంబం కలిసి నిర్ణయించడం నిజంగా మంచి పద్ధతి, దాన్ని వదులుకోనక్కర్లేదు. ఆ కుటుంబంలో ఆ పిల్లనూ లెక్కించమనే అడుగుతున్నాను. అయినా అడగకుండా నిర్ణయించడాన్ని సహించకపోవడం ఈ నేలకు పరాయి గుణమా? 2010లో సోంపేట బీల భూముల్లో, 2011లో కాకరాపల్లి తంపర భూముల్లో థర్మల్ కేంద్రాలు వద్దని జనం నిలబడ్డారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మా బతుకు సంగతి మమ్మల్ని అడగకుండా ఎలా తేలుస్తారన్నదే ఆ పోరాటాల మూలప్రశ్న. తమ నేల గురించి ఆ ప్రశ్న వేసిన తల్లిదండ్రులు తమ పిల్లల నోట అదే ప్రశ్న వస్తే పొగరుబోతుతనం అనుకోకూడదు.

ఆడపిల్లల విషయంలో భయం వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. బయటకు పంపితే భద్రత ఎవరిదని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయానికి కారణాలున్నాయి, తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. కానీ వీళ్ళే ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీకి సీటు వస్తే పదిహేనేళ్ళ ఆడపిల్లను ఆరేళ్ళ చదువుకు హాస్టలుకు పంపుతున్నారు. సంస్థ మీద నమ్మకం కుదిరితే ఉద్దానం తల్లిదండ్రులు ఆడపిల్లను ఆపరనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. కాబట్టి టెక్కలి, పలాస ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ నర్సింగ్ కళాశాలలూ అలాంటి నమ్మకాన్ని సంపాదించాలి. మంచి హాస్టలు, సాయంత్రం ఆరు దాటాక కూడా నడిచే బస్సు, ఫోన్ చేస్తే పలికే మనిషి. ఈ మూడూ ఉంటే అమ్మానాన్నలు కూతురి మాటకు విలువ ఇవ్వడం సగం తేలికవుతుంది.

బడి చేయవలసింది కూడా ఉంది, అదేమీ కోట్ల ఖర్చు కాదు. 2023 నాటి అసర్ విద్యా సర్వే నివేదిక తాను పరిశీలించిన గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్లో 86.8 శాతం ఏదో ఒక చదువులో ఉన్నారని, వృత్తి శిక్షణ పొందుతున్నవారు 5.6 శాతమేనని చెప్పింది. అంటే పిల్లలు బడిలో ఉన్నారు, పని మాత్రం బడికి రావడం లేదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2021లో పలు దేశాల పిల్లలను ఏళ్ళ తరబడి అనుసరించిన సమాచారాన్ని విశ్లేషించింది. పదిహేను, పదహారేళ్ళప్పుడే ఏదో పనిలో ఉన్నవారితో మాట్లాడినవారు, పనిచోటు చూసినవారు, భవిష్యత్తు గురించి ఇంట్లో బడిలో చర్చించినవారు పాతికేళ్ళకు ఉద్యోగాల్లో మెరుగ్గా ఉన్నారని తేల్చింది. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఆలోచన బాగుంది, కానీ ఇంటర్‌తో ఆగిపోయి రైలెక్కే కుర్రాడికి అది అందదు. ఆ అనుభవంలో కొంతైనా తొమ్మిది, పది తరగతులకు దిగిరావాలి. జీడి యూనిట్‌లో, రొయ్యల హేచరీలో, టెక్కలి గ్రానైట్ పాలిషింగ్ కేంద్రంలో, పలాస రైల్వే స్టేషన్లో, మండల కార్యాలయంలో ఒక్కొక్క రోజు గడపడం, తిరిగొచ్చి ఈ పని నాకు సరిపడుతుందా లేదా అని రెండు పేజీలు రాయడం. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వెల్డర్‌ను తరగతికి పిలిచి, ఆఫర్ లెటర్ ఎలా చదవాలో ఆయన చేతే చెప్పించడం. ఉపాధ్యాయులకు సిలబస్ భారం ఉందని తెలుసు, అందుకే ఏడాదికి నాలుగైదు పూటలకు మించి అడగడం లేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది, తర్వాత కూడా జరుగుతున్నాయి. ఆ సమావేశంలో మాస్టారు మార్కులు చెబుతారు, తల్లిదండ్రులు వింటారు, పిల్లలు తలదించుకుని నిలబడతారు. తొమ్మిదో తరగతి నుంచి ఈ వరుస తిప్పేయవచ్చు. ముందు పది నిమిషాలు పిల్ల మాట్లాడుతుంది. తను చూసిన మూడు దారులేమిటి, ఒక్కోదానికి ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు, ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాదైతే ఫిట్టర్ రెండేళ్ళు ఎందుకు, తనకు దేనిమీద మనసుంది, దేనికి భయపడుతోంది అన్నీ చెబుతుంది. తర్వాత అమ్మానాన్నలు తమ వంతుగా ఇంటి పరిస్థితి దాచకుండా చెబుతారు. ఇంత అప్పు ఉంది, ఇంతవరకే మోయగలం అని. నిజం తెలిసిన పిల్ల గొంతెమ్మ కోరికలు కోరదు. ఇంటి లెక్క తెలియని పిల్లే కోరుతుంది. ఈ చర్చకు దగ్గర్లోనే ఒక సందర్భముంది. మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది, టెక్కలి చుట్టుపక్కల రాబోయే ఉద్యోగాల గురించి చాలా మాటలు వినిపిస్తున్నాయి. క్రేన్ నడిపేవారు, సరుకు లెక్కలు చూసేవారు, కస్టమ్స్ కాగితాలు నింపేవారు కావాలి. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలు మరికొన్నేళ్ళలో అలాంటి పనులకు సిద్ధమై ఉండవచ్చు. సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు మండలాల హైస్కూళ్ళు ఈ ఏడాది నుంచే వాళ్ళను ఆ ఓడరేవు దగ్గరకు తీసుకెళ్ళి చూపించి, వాళ్ళేమనుకుంటున్నారో అడగడం మొదలుపెట్టాలి.