పాతది బండి కాదు, మన బుద్ధి

మా ఆఫీసులో మొన్న లంచ్ టైములో ఒక మహానుభావుడు తీర్పు చెప్పేశాడు. "ఈ పాత లారీలన్నీ తుక్కు కింద అమ్మేస్తే గానీ విజయవాడ హైవే బాగుపడదు" అని. ఐదుగురు తలలూపారు. అదే వారం ఆటోనగర్లో మా బాబాయి ఇంకో తీర్పు చెప్పాడు: "పాత బండి గదరా, గట్లనే ఉంటది." ఒకాయన పారెయ్యమంటాడు, ఇంకొకాయన సర్దుకుపొమ్మంటాడు. నా గోలేంటంటే, ఇద్దరిదీ ఒకటే తప్పు. వెనక లైటు వెలగకపోవడానికి కారణం బండి వయసే అనుకోవడం.

బాబాయిది 2009 మోడల్ పది టైర్ల లారీ. పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఎల్బీనగర్ దాటాక టైరు పంక్చరైతే రోడ్డు పక్కన ఆపాడు. పార్కింగ్ లైట్లు వేశాడు. కుడివైపుది వెలిగీ వెలగనట్టుంది. బైకు మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆఖరి క్షణంలో లారీని చూసి, బ్రేకేసి జారిపడ్డారు. మోచేతులు గీరుకుపోయాయి, అంతటితో పోయింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న పిల్లలట. ఆ గల్లీల్లోనే నేనూ అలాంటి హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అందుకే ఈ "గట్లనే ఉంటది" నాకు మింగుడు పడలేదు.

ఇంకో సంగతి. ఆ లైటు అంతకు మూడు రోజుల ముందే "రిపేరు" అయింది!

ఆదివారం కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న మల్టీమీటరు పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. బల్బు బాగానే ఉంది. ప్లస్ వైరులో కరెంటు బాగానే వస్తోంది. లైటు వేసి ఉంచి, మీటరు ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి లైటు హోల్డర్ ఎర్త్ మీద పెట్టాను. అక్కడ దాదాపు సున్నా చూపించాలి, అర వోల్టు చూపించినా అనుమానించాల్సిందే. మా లారీలో 8 వోల్టులు చూపించింది. అంటే 24 వోల్టుల్లో మూడో వంతు దారిలోనే ఆవిరైపోతోంది. మామూలు ఫిలమెంటు బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. మూడో వంతు పోతే మిగిలేది పావు వంతు వెలుతురు. ఇక బైకు మీద వచ్చేవాడికి ఏం కనపడుతుంది?

ఎర్త్ బోల్టు విప్పితే అసలు కథ బయటపడింది. ఫిట్‌నెస్ కోసం లైట్లు ఊడదీసి బాడీకి రంగు వేయించి, ఆ రంగు మీదే బోల్టు బిగించేశారు. లగ్గు కింద రంగు, దాని మీద బురద, తుప్పు. భద్రత పరీక్ష కోసం చేసిన ముస్తాబే భద్రతని తినేసింది!

అక్కడితో అయిపోలేదు. వైర్ల జాయింట్లన్నీ మెలిపెట్టి టేపు చుట్టినవే. మన ఎండకి టేపు జిగురు కరిగిపోతుంది, లోపలికి వాన నీళ్ళు దిగి రాగి పచ్చగా చిలుము పడుతుంది. ఒక ఫ్యూజు స్థానంలో రాగి తీగ ఉంది. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడ్డానికి. అది పోతోందంటే ఎక్కడో షార్ట్ ఉందని అర్థం. అక్కడ తీగ పెడితే ఫ్యూజు బదులు వైరింగే కాలుతుంది. ఇక పాటల కోసం రెండు బ్యాటరీల్లో ఒకదాన్నుంచే 12 వోల్టులు లాగారు. దాంతో ఒకటి ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, రెండోది అజీర్తితో ఉబ్బుతుంది, రెండూ తొందరగా చస్తాయి. అప్పుడు బ్యాటరీ కంపెనీని తిడతాం. 24ని 12 చేసే కన్వర్టరు పెడితే పోయేదానికి!

వీటిలో బండి వయసు వల్ల వచ్చింది ఒక్కటి చెప్పండి.

ఎలక్ట్రీషియన్ని తిడదామంటే నాకు నోరు రావడం లేదు. "లోడు ఉందన్నా, అర్ధగంటలో తేల్చెయ్" అని నెత్తి మీద నిలబడింది మనమే. లైటు వెలగ్గానే డబ్బులిచ్చేది మనమే. ఎందుకు ఆరిందని అడగం. అతను జాయింటుకి కాదు, వెలుగుకి డబ్బు తీసుకుంటున్నాడు. వెలుగే ఇచ్చాడు, మూడు రోజులు. మా ఫీల్డులోనూ ఇంతే లెండి, సర్వర్ రీస్టార్ట్ చేసి "ఇష్యూ క్లోజ్డ్" అని మెయిల్ కొట్టడం. కాకపోతే మా సర్వర్ వెనకాల బైకు మీద ఎవరూ రారు.

ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ ఉందిగా అంటారా? పరీక్ష రోజు లైటు వెలిగితే చాలు, పాసైపోతుంది. మిగతా 364 రాత్రుల పూచీ ఎవరిది?

పాత వైర్ల మీది ప్లాస్టిక్ ఎండి పగులుతుంది, నిజమే. అలాంటప్పుడు వైరింగ్ సెట్టు మార్చాలి. అంతేగానీ లారీనే పారేస్తే ఏం ఒరుగుతుంది? 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల నిండా సెన్సర్లు, కంప్యూటర్లు. వాటికి మంచి ఎర్త్ ఇంకా ఎక్కువ అవసరం. ఇదే బుద్ధితో, ఇదే టేపుతో కొత్త లారీ కొంటే దాన్నీ నాలుగేళ్ళలో "పాత బండి" చేసేస్తాం.

ఆ ఆదివారం మేం చేసింది పెద్ద ఇంజనీరింగేమీ కాదు. ముందు బ్యాటరీ మైనస్ విప్పాం (మళ్ళీ బిగించేటప్పుడు అదే ఆఖరు). టెర్మినళ్ళ మీది తెల్ల పొడిని వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, పైన గ్రీజు రాశాం. ఎర్త్ పాయింటుని ఎమ్రీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకాం. మెలికలు కోసేసి థింబుళ్ళు వేసి ప్లయరుతో నొక్కాం. సరైన ఫ్యూజు పెట్టాం. రెండు పంక్చర్ల ఖర్చు కూడా కాలేదు. మళ్ళీ మీటరు పెడితే 8 కాస్తా 0.2 అయింది. బాబాయి వెనక్కెళ్ళి చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

లారీ ఓనర్లకి నా మనవి ఒకటే. ఈసారి లైటు బాగుచేయిస్తే "వెలిగిందా" అని అడక్కండి, "ఎందుకు ఆరింది" అని అడగండి. జవాబు వచ్చేదాకా లోడుని ఆపండి. లోడు ఓ గంట ఆగుతుంది. వెనకాల వచ్చే కుర్రాడికి అంత టైముండదు.