మత్తు మీద వచ్చే సొమ్ములో చికిత్సకు వాటా ఏది?

కల్తీ కల్లు తాగి జనం పడిపోయారన్న వార్తలు మనం అడపాదడపా చదువుతూనే ఉంటాం. అధికారులు దాడులు చేశారని, డిపోలు మూయించారని, ఇన్ని కిలోల మత్తు పౌడరు పట్టుబడిందని కూడా చదువుతాం. పట్టుబడ్డ పౌడరుకు లెక్క ఉంటుంది. మరి ఆ పౌడరుకు బానిస అయిపోయిన మనిషికి లెక్క ఉందా? మర్నాడు అతని గతి ఏమిటి, అతనికి వైద్యం ఎవరు చేయాలి, దానికి డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్నలు అడిగేవారు కనిపించరు. అందుకే ఈ వారం మేము అడుగుతున్నాం.

2015 సెప్టెంబరు నాటి సంగతి నిజామాబాద్ వాసులు మరచిపోయి ఉండరు. కల్తీ కల్లుపై అధికారులు గట్టిగా దాడులు చేయడంతో సరుకు ఒక్కసారిగా ఆగిపోయింది. ఏళ్ళ తరబడి దానికి అలవాటుపడిన ఆడా మగా విలవిలలాడారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, మతి తప్పి మాట్లాడడం, మూర్ఛలు రావడం, ఇలాంటి బాధలతో ఆసుపత్రికి వరుస కట్టారు. ఇక్కడే కాదు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లోనూ ఇదే పరిస్థితి. కొందరు ప్రాణాలు కూడా కోల్పోయారు. దాడి చేయడం తప్పు కాదు. దాడికి ముందే వైద్యం సిద్ధం చేసుకోకపోవడమే తప్పు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలి. గీత కార్మికుడు ఈత చెట్టు నుంచో తాటి చెట్టు నుంచో దించే కల్లు వేరు, కొన్ని డిపోల్లో తయారయ్యే నీళ్ళు వేరు. చెట్టు ఇచ్చే కల్లు గిరాకీకి చాలదు. అందుకని నీళ్ళలో తీపికి సాకరిన్, నిషాకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మందులు కలుపుతారు. అల్ప్రాజోలం డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వవలసిన మందు. రోజూ తీసుకుంటే మెదడు దానికి అలవాటు పడిపోతుంది. అలా అలవాటు పడ్డాక హఠాత్తుగా మానేస్తే ప్రాణానికే ముప్పు. డాక్టరు పర్యవేక్షణలో, మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలి. ‘గట్టి మనసుంటే ఒక్క రోజులో మానేయొచ్చు’ అని మందలించే పెద్దలు ఈ విషయం గ్రహించాలి. తోబా చేసుకున్న మనిషికి కూడా డాక్టరు అవసరమే.

ఇది పాత కథ అనుకుంటే పొరపాటు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగిన పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం 2016 దాకా మన నిజామాబాద్ జిల్లాలోనిదే. అదే ఏడాది జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది.

ఇక డబ్బు మాట. అమెరికాలో నొప్పి తగ్గించే నల్లమందు జాతి మాత్రలను కంపెనీలు విచ్చలవిడిగా అమ్మాయి. లక్షలాది కుటుంబాలు నాశనమయ్యాయి. రాష్ట్రాలు, జిల్లాలు, నగరాలు కోర్టుకెక్కాయి. 2021 జులైలో మూడు పెద్ద పంపిణీ సంస్థలు, జాన్సన్ అండ్ జాన్సన్ కలిసి 2,600 కోట్ల డాలర్ల దాకా చెల్లించేందుకు రాజీకి వచ్చాయి. ఆ సొమ్ములో నూటికి 85 వంతులు ఆ విపత్తును తగ్గించడానికే వాడాలన్న షరతు కూడా పెట్టారు. ఎందుకంటే వారికి ఒక చేదు అనుభవం ఉంది. 1998లో సిగరెట్ కంపెనీల నుంచి 46 రాష్ట్రాలు రాబట్టుకున్న సొమ్ములో అధిక భాగం బడ్జెట్ లోటు పూడ్చుకోవడానికి, ఇతర ఖర్చులకు పోయింది. పొగ మాన్పించే పనికి దక్కింది చాలా తక్కువ. షరతు పెట్టాక కూడా కొన్ని చోట్ల కొత్త డబ్బుతో పోలీసు వాహనాలు కొన్నారని అక్కడి ప్రజలు నిలదీశారు. మనం నేర్చుకోవలసింది ఇదే. సొమ్ము రావడం ఒక ఎత్తు, అది రోగి మంచం దాకా చేరడం మరో ఎత్తు.

మన దగ్గర అలాంటి రాజీ సొమ్ము లేదు నిజమే. కాని మత్తు మీద వచ్చే సొమ్ము లేదనగలమా? 2025లో తెలంగాణలోని 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షల రూపాయలు. దుకాణం దక్కకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. దాదాపు 95 వేల దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,800 కోట్ల రూపాయల పైచిలుకు చేరింది. ఇందులో నూటికి ఒక్క రూపాయి పక్కన పెట్టినా 28 కోట్లు. ఈ ఆదాయాన్ని మేము మెచ్చుకోవడం లేదు. మద్యం ఆదాయం లేకుండా ప్రభుత్వం నడవాలన్నదే మా కోరిక. రాజ్యాంగంలోని 47వ అధికరణం చూపిన దారీ అదే. కాని ఆ సొమ్ము వస్తున్నంత కాలం అందులో మొదటి హక్కు దానివల్ల చెడిన వారిది, వారి భార్యాబిడ్డలది.

చట్టం కూడా దీనికి అడ్డు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 71వ సెక్షన్ చికిత్సా కేంద్రాలు పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 7ఎ సెక్షన్ కింద ఒక జాతీయ నిధి ఉంది. మత్తు వ్యాపారుల నుంచి జప్తు చేసిన ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్ము అందులో చేరాలి, బానిసల చికిత్సకు కూడా ఖర్చు కావాలి. అల్ప్రాజోలం ఈ చట్టం పరిధిలోకి వచ్చే మందే. కనుక పౌడరు పట్టుకుని సంబరపడితే చాలదు. దాన్ని తయారు చేసి కోట్లు గడించిన వారి ఆస్తులు జప్తు కావాలి, ఆ సొమ్ము ఆసుపత్రికి రావాలి.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. నిజామాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ మత్తు మాన్పించే చికిత్సకు ప్రత్యేక పడకలు, సరిపడా మందులు, ఆడవారికి వేరే ఏర్పాటు ఉండాలి. బోధన్ నుంచి నిజామాబాద్ సుమారు పాతిక కిలోమీటర్లు. చెరుకు కోతకు పోయే కూలీ, బీడీలు చుట్టుకునే తల్లి మూర్ఛ వచ్చే మనిషిని వెంటబెట్టుకుని వారం వారం అంత దూరం తిరగగలరా? 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ మూతపడ్డాక శక్కర్‌నగర్ కుటుంబాల జేబుల్లో ఏం మిగిలిందో అందరికీ తెలుసు. కనుక బోధన్ ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా మానసిక వైద్యుడు కూర్చోవాలి. దాడులు చేసే ముందు ఎక్సైజ్ అధికారులు వైద్య శాఖకు చెప్పాలి. ఏటా ఎంత ఖర్చయింది, ఎందరికి చికిత్స జరిగింది అన్న లెక్కను కార్పొరేషన్‌లో, మున్సిపాలిటీలో, గ్రామసభలో చదివి వినిపించాలి.

‘హరాం అని తెలిసీ తాగినవాడికి ప్రజల సొమ్ము ఎందుకు?’ అని కొందరు అడగవచ్చు. తప్పును తప్పనే అందాం. కాని అతను మంచాన పడితే ముందుగా పస్తులుండేది తప్పు చేయని పిల్లలు. రోగిని బతికిస్తేనే కదా అతను తన తప్పు దిద్దుకునేది!

మన వంతు కూడా ఉంది. ఇజ్జత్ పోతుందని, బిడ్డ సంబంధం చెడిపోతుందని మన ఇళ్ళలో ఈ జబ్బును దాచిపెడుతున్నాం. మన మొహల్లాలో ఇది లేదని బుకాయిస్తున్నాం. కల్లే కానక్కరలేదు, నిద్రమాత్రలు, దగ్గు మందు, గంజాయి ఏదైనా కావచ్చు. పోలీసు కేసు అవుతుందన్న భయమూ కొందరికి ఉంది. తనంతట తానుగా చికిత్సకు వచ్చిన బానిసకు, అతని మీద ఉన్నది వాడకం కేసో, కొద్ది పరిమాణం కేసో అయితే, అదే చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. మస్జిద్ కమిటీలు ఈ నంబరును బోర్డు మీద రాయించాలి. పేద రోగి బస్సు ఛార్జీలకు, అతని ఇంటి తిండి గింజలకు ఇంత తీసి ఇవ్వాలి.

వైద్యం ఖర్చు మాత్రం దానం కాదు, ప్రభుత్వం పడ్డ బాకీ. రేపు ఓటు కోసం గడప తొక్కే ప్రతి నాయకుణ్ణీ ఒక్క మాట అడగండి: మా ఊళ్ళో మత్తు మాన్పించే పడకలు ఎన్ని? జవాబు అంకెల్లో చెప్పేదాకా వదలకండి.