సరకుపైన పిల్లవాడేల?

మన హోసూరు, డెంకణికోట త్రోవలలో తరచు కనబడు దృశ్యమొకటి కలదు. చిన్న పికప్ బండిలో ఖాళీ టమాటా పెట్టెలనో, పరుపులనో ఎత్తుగా పేర్చి, అవి ఎగిరిపోకుండ మీద ఒక పిల్లవానిని కూర్చుండబెట్టుదురు. త్రాడు చేయవలసిన పని బిడ్డచేత చేయించుట నాకు సమ్మతము కాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసినచో బండి నిలుచును గాని సరకు నిలువదు. దానిపైనున్న బాలుడును నిలువడు. పరుపు తేలికయే గదా యందురు. ఆ తేలికయే దాని దోషము. అడుగున గాలి దూరెనా, తెరచాపవలె లేచును.

గడ్డిబండికి మోకు బిగించి యెరిగిన మన రైతులకు ఈ విద్య క్రొత్త కాదు. బరువైనవి అడుగున, ముందుగోడకు ఆనించి పెట్టవలెను. మోకును కొక్కెములకు తగిలించి, సరకుమీదుగా ఏటవాలుగా రెండువైపులనుండి దాటించి బిగింపవలెను. రెండు మూడు కిలోమీటర్లు పోయిన పిదప దిగి మరల బిగింపవలెను. కుదుపులకు సరకు అణగి మోకు వదులగును. ఈ కడపటి పని చేయువారు అరుదు.

సరకు బండి ప్రక్కలను మీరి పొడుచుకొని వచ్చినచో, మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ 20,000 రూపాయల జరిమానా విధించినది. రెండవ బాడుగ అంతకన్న చౌక. అదియు పేదకు భారమే, కాదనను. మోకు మాత్రము భారము కాదు.

విద్యార్థులారా, “ఎక్కి కూర్చో” అని పెద్దలన్నప్పుడు వినయముగా ఇంకొక మోకు తెచ్చి వారి చేతికిండు.