లెక్కకి రాని చెమట

ఎక్సర్‌సైజు అనే మాటకి ఇప్పుడు అర్థం చెప్పేది నిఘంటువూ కాదు, డాక్టరూ కాదు, చేతికి కట్టుకున్న వాచీ. మన ఆఫీసుల్లోనే చూడండి. లిఫ్టు దగ్గర ఇద్దరు కలిస్తే "ఎన్నయ్యాయి?" అని ఒకరు, "ఏడు వేలు, ఇంకో మూడు వేలు కొట్టాలి" అని ఇంకొకరు. ఏమిటవి అని మూడోవాడు అడగక్కర్లేదు. రాత్రి పదకొండింటికి అపార్టుమెంటు కారిడార్లో ఎవరైనా అటూ ఇటూ తిరుగుతుంటే పూర్వం వాచ్‌మన్‌ని పిలిచేవాళ్ళం. ఇప్పుడు "పాపం, రింగు నింపుకుంటున్నట్టున్నాడు" అనుకుని తలుపేసుకుంటున్నాం.

ఇందులో తప్పేం లేదు. అస్సలు నడవనివాడు వాచీ పోరు పడలేక నడిస్తే మంచిదే. నా గొడవ వేరే. ఆ వాచీ దేన్ని ఎక్సర్‌సైజు అంటుంది, దేన్ని అనదు, ఆ గీత ఎవరు గీశారు? రోజంతా కోడు రాసి పొట్టపోసుకునేవాళ్ళం కదా, ఎవరో రాసిన ఇఫ్ కండిషను మన ఒంటి మీద తీర్పు చెబుతుంటే కనీసం ఆ కండిషను ఏమిటో చూడొద్దూ?

ముందు అందరికీ తెలిసిన పదివేల అడుగుల సంగతి. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. మరుసటేడు, 1965లో, యమాసా అనే జపాను కంపెనీ నడుముకి తగిలించుకునే పెడోమీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాంపోకే. అంటే పదివేల అడుగుల మీటరు అని అర్థం. పేరు ముందొచ్చింది, గట్టి పరిశోధనలు చాలా ఏళ్ళకి వచ్చాయి. 2019లో ఐ-మిన్ లీ, ఆవిడ తోటి పరిశోధకులు అమెరికాలో వయసు మళ్ళిన ఆడవాళ్ళ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలోనే మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక ఇంక చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి మన ఛాలెంజీల్లో పదివేలే ఎందుకుంటుందంటే, గుండ్రంగా ఉంటుంది కాబట్టి. అంతే.

అడుగుల సంగతి వదిలేద్దాం, అవి లెక్కపెట్టేవి. "ఎక్సర్‌సైజు నిమిషాలు" అలా కాదు, అవి తేల్చి చెప్పేవి. దీనికి ఆధారం మెట్ అనే కొలత. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తి 1 మెట్. దానికి మూడు రెట్ల నుంచి ఆరు రెట్ల లోపు ఖర్చయితే ఓ మోస్తరు శ్రమ, ఆరు దాటితే తీవ్రమైన శ్రమ. ఆ 3 దగ్గర గీత. చురుగ్గా నడిస్తే మనిషి ఆ గీత దాటుతాడు. ఆపిల్ వాచీలో ఎక్సర్‌సైజు రింగు కదలాలంటే కావలసిందీ అదే, కనీసం చురుకైన నడకకి సమానమైన శ్రమ. ఫిట్‌బిట్ వాళ్ళైతే ఒకప్పుడు 3 మెట్‌లు దాటడంతో సరిపోదు, ఆ శ్రమ వరసగా పది నిమిషాలు సాగాలి అనేవాళ్ళు. 2020లో ఆ పద్ధతి తీసేసి, గుండె వేగాన్ని బట్టి జోన్ నిమిషాలు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆ పది నిమిషాల కథ వినదగ్గది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నిమిషాల మోస్తరు శ్రమ కావాలనీ, అందులో ప్రతి విడతా కనీసం పది నిమిషాలు ఉండాలనీ చెప్పింది. 2020లో కొత్త సూచనలు వచ్చాయి. అందులో ఆ పది నిమిషాల షరతు ఎత్తేశారు, ఎంత సేపు కదిలినా మంచిదే అన్నారు. అంటే తొమ్మిదేసి నిమిషాల చొప్పున రోజుకి నాలుగు సార్లు మెట్లెక్కి దిగిన మనిషికి ఆ పాత లెక్కలో వచ్చేది సున్నా, కొత్త లెక్కలో 36 నిమిషాలు. ఆ మనిషి గుండెలో గానీ కాళ్ళలో గానీ మారిందేమీ లేదు. మారింది రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు! మనకి ఇది కొత్తా చెప్పండి?

సరే, గీత 3 దగ్గరుంది. మనం గీత దాటామో లేదో వాచీకెలా తెలుస్తుంది? నిజానికి మెట్ కొలవాలంటే మూతికి మాస్కు తగిలించి ఎంత ఆక్సిజన్ వాడుతున్నామో చూడాలి. వాచీకి అంత భాగ్యం లేదు. దానికి తెలిసేవి ముఖ్యంగా రెండు: మణికట్టు ఎలా ఊగుతోంది, చర్మం కింద రక్తం ఎంత వేగంగా కొట్టుకుంటోంది. ఈ రెండింటి నుంచి మిగతాదంతా ఊహిస్తుంది. ఊహ అంటే చిన్నచూపు కాదు, మన మోడల్స్ అన్నీ చేసేది అదే. కానీ ఆ ఊహ ఎవరి ఒంటిని చూసి నేర్చుకుంది అన్నది అడగాల్సిన ప్రశ్న.

పరిశోధకులు నడుముకి కట్టి వాడే పరికరాల్లో చాలాకాలంగా చలామణీలో ఉన్న ఒక అంకె ఉంది: నిమిషానికి 1,952 కౌంట్లు. అది దాటితే మోస్తరు శ్రమ అని లెక్క. 1998లో ఫ్రీడ్‌సన్, మరో ఇద్దరు కలిసి ప్రచురించిన అంకె అది. యాభై మందిని ట్రెడ్‌మిల్ మీద రెండు వేగాల్లో నడిపించి, ఒక వేగంలో పరిగెత్తించి రాబట్టారు. పని శ్రద్ధగానే చేశారు, అందులో అనుమానం లేదు. కానీ ట్రెడ్‌మిల్ మీద గీసిన గీతతో ఇల్లు తుడిచేవాళ్ళని కొలిస్తే ఏమవుతుంది?

ఇంకా మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే, మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే ప్రతివాడూ ఏదో ఒక రోజు డౌన్‌లోడ్ చేసుకునే యూసీఐ వాళ్ళ హ్యూమన్ యాక్టివిటీ డేటాసెట్ తీసుకోండి. ముప్ఫై మంది, 19 నుంచి 48 ఏళ్ళ లోపువాళ్ళు, నడుముకి సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 2 ఫోను కట్టుకున్నారు. లేబుళ్ళు ఆరు: నడక, మెట్లెక్కడం, మెట్లు దిగడం, కూర్చోవడం, నిలబడడం, పడుకోవడం. అయిపోయింది, మానవ జీవితం మొత్తం ఈ ఆరే! గొంతుక్కూర్చుని తడిగుడ్డతో నేల తుడవడానికి లేబులు లేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని వంట చేయడానికి లేదు. యాభై ఏళ్ళు దాటిన మనిషైతే అసలు ఆ డేటాలోనే లేరు. మీ చేతికున్న వాచీ సరిగ్గా ఈ డేటాతోనే తయారయిందని నేననడం లేదు, కంపెనీల దగ్గర ఇంతకన్నా చాలా పెద్ద డేటా ఉంటుంది. కానీ సూత్రం ఒక్కటే. లేబులు లేని పని మోడల్‌కి కనపడదు. కనపడినా ఉన్న వాటిల్లో ఏదో ఒక దాంట్లోకి తోసేస్తుంది.

కనపడని పనులు ఎలా ఉంటాయో చూడండి. పాపని స్ట్రాలర్‌లో కూర్చోబెట్టి తోసుకుంటూ నడిస్తే చేతులు ఊగవు. ఎక్సర్‌సైజు రింగుకి ఆ నడక అందకపోవచ్చు. ఇది నా ఆరోపణ కాదు, చెయ్యి ఊగేలా చూసుకోండి, స్ట్రాలర్ తోస్తుంటే వర్కౌట్ యాప్ విడిగా మొదలుపెట్టుకోండి అని ఆపిల్ వాళ్ళే సలహా ఇస్తారు. ఇరవై లీటర్ల వాటర్ క్యాను మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కేవాడి చెయ్యీ ఊగదు. గుండె వేగం పట్టిస్తుంది కదా అంటారేమో, పట్టించవచ్చు. కానీ పిడికిలి బిగించినా మణికట్టు వంచినా ఆ పచ్చలైటు రీడింగు చెదురుతుంది. ఇంక ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడుతుంటే గుండె వేగం పెరగాల్సినంత పెరగదు. ఆ మందుల పనే అది. పార్కులో ఆయాసపడుతూ నాలుగు రౌండ్లు కొట్టిన నాన్నగారికి గుండె వేగాన్నే నమ్ముకున్న వాచీ "ఇవాళ మీరు చురుగ్గా లేరు" అంటుంది. మందుల సంగతి ముందే చెప్పుకునే వీలు కొన్నిట్లో ఉంది గానీ, ఆ సెట్టింగు ఎక్కడుందో వెతకాల్సింది అబ్బాయో అమ్మాయో, అమెరికా నుంచి వీడియో కాల్లో.

అలాగని చేసిన ప్రతి పనినీ ఎక్సర్‌సైజు అనమని నేను వాదించడం లేదు. శారీరక శ్రమలన్నిటికీ మెట్ విలువలు రాసి పెట్టిన కంపెండియం ఒకటుంది, 1993లో మొదలై 2024 దాకా సవరిస్తూ వస్తున్నారు. అందులో ఇంటి పనులకి విడిగా ఒక అధ్యాయమే ఉంది. గిన్నెలు కడగడం లాంటివి చాలావరకు 3 కంటే కిందే ఉంటాయి. కానీ మోకాళ్ళ మీద కూర్చుని నేల రుద్దడం 3 దాటుతుంది. సరుకుల సంచులతో మెట్లెక్కడం ఏకంగా 7 దాటుతుంది. అంటే శాస్త్రానికి ఈ పనులు తెలుసు. తెలియంది వాచీకి.

ఇక్కడ మన వాళ్ళు ఒక మాట అంటారు. "గురూ, ఎక్కడో ఒక చోట థ్రెషోల్డ్ పెట్టాలి. సడలిస్తే ఫాల్స్ పాజిటివ్‌లు వచ్చిపడతాయి. అందరికీ సరిపోయేలా ఎవడు చేయగలడు?" సబబైన మాటే. కానీ తలుచుకుంటే చేయగలరని వాళ్ళే రుజువు చేశారు. 2016లో ఆపిల్ వాచీ వీల్‌చెయిర్ తోసుకునేవాళ్ళ చేతి తోపుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "లేచి నిలబడండి" అనే చోట వాళ్ళ కోసం మాట కూడా మార్చారు. 2020లో డాన్సుని వర్కౌట్లలో చేర్చారు. అందుకోసం నాలుగు రకాల డాన్సులు పరీక్షించారు, అందులో బాలీవుడ్ ఒకటి. అంటే బాలీవుడ్ స్టెప్పులు పరీక్ష దాకా వెళ్ళాయి. మన కోలాటానికీ బతుకమ్మకీ ఆ పిలుపు రాలేదు. పాలుపోనిది టెక్నాలజీ కాదు, ముందు ఎవరిని తలుచుకోవాలన్నది. బ్యాక్‌లాగ్‌లో ఏది పైకి ఎక్కుతుందో ఎవరు నిర్ణయిస్తారో మనకి తెలియనిదా?

ఇంతకీ నా అసలు అభ్యంతరం ఇది. డేటాబేస్ మొదటి పాఠంలోనే మనకి చెప్తారు, నల్ వేరు, సున్నా వేరు అని. సున్నా అంటే "లేదు". నల్ అంటే "తెలీదు". జీతం కాలమ్‌లో నల్ ఉన్నవాణ్ణి జీతం లేనివాడిగా చూపిస్తే కోడ్ రివ్యూలో చీవాట్లు పడతాయి. కానీ ఈ వాచీలు రోజూ చేస్తున్నది అదే. "నువ్వు చేసిన పని నాకు అర్థం కాలేదు" అనాల్సిన చోట "నువ్వేం చేయలేదు" అంటున్నాయి. అర్థం కాకపోవడం దాని లోపం. అది చూపించే సున్నా మాత్రం మన ఖాతాలో పడుతోంది.

వాచీకీ మనకీ మధ్యే ఉన్నంతవరకూ పోన్లే అనుకోవచ్చు. దాన్ని తీసుకెళ్ళి డబ్బుతో ముడిపెట్టినప్పుడు పోన్లే అనుకోలేం. మా ఆఫీసులో ఒకసారి నెలరోజుల అడుగుల ఛాలెంజి పెట్టారు. గెలిచిన టీముకి గిఫ్ట్ వోచర్లు, ఓడినవాళ్ళ పేర్లు బోర్డు మీద అడుగున. మెటర్నిటీ లీవు నుంచి అప్పుడే వచ్చిన ఒకమ్మాయి నెలంతా అట్టడుగునే ఉంది. సాయంత్రం ఇంటికెళ్ళి పాపని తోసుకుంటూ గంట నడుస్తుంది, అది సరిగా పడదు. చేత్తో ఎంటర్ చేస్తానంటే "మాన్యువల్ ఎంట్రీలు ఒప్పుకోం, మోసాలు జరుగుతాయి" అని జవాబు. ఇంకోపక్క ఫోనుని ఉయ్యాల్లో పెట్టి ఊపినట్టు ఊపి అడుగులు పుట్టించే యంత్రాలు బజార్లో అమ్ముతున్నారు. వాటి అడుగులు మాత్రం ఆటోమేటిక్ ఎంట్రీలు కాబట్టి నిజాయితీ గలవి! ఆ అమ్మాయికి పోయింది వోచరు కాదు. "టీముని కిందికి లాగుతున్నావు" అని నవ్వుతూ అన్న మాటలు నెల రోజులు పడింది.

ఇది ఒక ఆఫీసుతో ఆగే వ్యవహారం కాదు. అమెరికాలో జాన్ హాన్‌కాక్ అనే జీవిత బీమా కంపెనీ 2018లో తన పాలసీలన్నిటికీ వాచీ లెక్కలతో రాయితీలిచ్చే కార్యక్రమాన్ని జతచేసింది. మన దేశంలోనూ రోజుకి పదివేల అడుగులో, జిమ్‌లో అరగంటో చూపిస్తే ప్రీమియంలో కొంత వెనక్కిచ్చే ఆరోగ్య బీమాలు వచ్చాయి. జిమ్‌లో అరగంట చెల్లుతుంది, ఇంట్లో మూడు గంటలు చెల్లదు. 2024లో కేంద్రప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్నవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ 289లో ఎంత భాగం 3 మెట్‌లు దాటుతుందో ఇంటింటికీ మారుతుంది. కానీ దాన్ని చూడలేని పరికరాన్ని పట్టుకుని రాయితీలు పంచితే ఎవరి జేబులోకి ఎక్కువ వెళ్తాయో చెప్పడానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు.

ఏం చేయాలంటారా? ఇలాంటివి తయారుచేసే టీముల్లో ఉన్నవాళ్ళు మనలో ఉన్నారు, హైదరాబాదులోనూ ఉన్నారు, సియాటిల్లోనూ ఉన్నారు. వాళ్ళకో మాట. తెలియనిదాన్ని తెలియదని చూపించండి. "ఈ అరగంటలో ఏదో శ్రమ జరిగింది, ఏమిటో మీరే చెప్పండి" అని అడగడానికి స్క్రీను మీద రెండు లైన్లు చాలు. డేటా సేకరించేటప్పుడు ట్రెడ్‌మిల్ గదితో పాటు ఒక వంటింటికీ, ఒక మెట్ల దారికీ, అరవై దాటిన ఒక మనిషి దగ్గరికీ వెళ్ళండి. ఛాలెంజీలు పెట్టే హెచ్ఆర్ వాళ్ళకి ఇంకో మాట. మనుషుల మాట నమ్మలేనప్పుడు బహుమతులు తీసేయండి, మనుషుల్ని కాదు. బహుమతే లేకపోతే మోసం చేసే అవసరం ఎవరికుంటుంది?

మిగతా మనందరం వాచీ పెట్టుకుందాం, నడుద్దాం, రింగులూ నింపుకుందాం. కాకపోతే రేపెప్పుడైనా ఇంట్లో ఎవరైనా "పొద్దుట్నించీ నడుం వాల్చలేదు" అంటే, వాళ్ళ చేతికున్న వాచీలో అంకె చూసి "ఎక్కడా, ఇందులో ఏం లేదే" అనకుండా ఉంటే చాలు. అది సున్నా కాదు, నల్.